ఫ్లాటు ధర వేరు, చేతి ఖర్చు వేరు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో చదువును గురించి, ఆరోగ్యాన్ని గురించి పెద్దలు చెబుతూ వచ్చారు. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మన పిల్లలు ఫ్లాట్లు కొంటున్నారు. రిజిస్ట్రేషన్ దగ్గరికి వచ్చేసరికి బిక్కమొహం వేస్తున్నారు. మీరు దస్తావేజులు వ్రాసేవారు గనుక నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను వక్తను కాను. ముప్పయ్యేళ్లుగా దస్తావేజులు వ్రాస్తూ కళ్లారా చూసిన సంగతులే మీకు మనవి చేస్తాను. పొరపాట్లుంటే పెద్దలు మన్నించాలి.

మన తండ్రుల కాలంలో మామిడిపల్లిలో జాగ కొనడమంటే నలుగురు పెద్దమనుషుల ముందు సాదా కాగితం మీద బైనామా వ్రాసుకోవడమే. ఇల్లు కట్టడం కూడా అట్లాగే సాగేది. చేతిలో డబ్బున్న ఏడు గోడ లేచేది, లేని ఏడు ఆగేది. కప్పు వేయడానికి అయిదేళ్లు పట్టినా అడిగేవాడు లేడు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. పొలాలు వెంచర్లయ్యాయి, వెంచర్లలో అపార్టుమెంట్లు లేచాయి. మన తండ్రుల ఇల్లు మన కోసం ఆగింది. ఫ్లాటు ఆగదు. ఫలానా తేదీకి ఇంత, ఫలానా తేదీకి ఇంత అని గడువులుంటాయి. డబ్బు అందకపోతే ఇచ్చిన బయానాకే ఎసరు వస్తుంది. తేడా అంతా ఇక్కడే ఉన్నది.

ఒక కుటుంబం సంగతి చెబుతాను. పేరు చెప్పను. అన్న సౌదీలో పని చేస్తాడు, తమ్ముడు విమానాశ్రయానికి కారు నడుపుతాడు. అరవై లక్షల ఫ్లాటు చూసుకొన్నారు. పన్నెండు లక్షలు తమవి, నలభై ఎనిమిది లక్షలు బ్యాంకువి అని లెక్క వేసుకొన్నారు. బ్యాంకు అప్పు విషయంలోనే ఇంట్లో నెలల తరబడి తర్జనభర్జన జరిగింది. చివరకు అది ఒక్కటే తీసుకొందాం, తొందరగా తీర్చేద్దాం, మరొక సూద్ జోలికి పోవద్దు అని ఒట్టు పెట్టుకొన్నారు. పన్నెండు లక్షలూ కట్టేశారు. రిజిస్ట్రేషన్‌కు పది రోజుల ముందు బిల్డరు ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. ఇంకా పది లక్షల పైచిలుకు కావాలి! తమ్ముడి భార్య నగలు అమ్మారు. అందులో ఆమె మహర్ నగ కూడా ఉన్నది. అదీ చాలక నాలుగు లక్షలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. అంటే నెలకు పన్నెండు వేలు వడ్డీకే పోతుంది, అసలు అట్లాగే ఉంటుంది. ఏ సూద్‌కు భయపడ్డారో అదే, అంతకు నాలుగింతలై ఇంట్లోకి వచ్చి కూర్చొన్నది.

ఆ దస్తావేజు వ్రాసింది నేనే. ఎవరూ వారిని మోసం చేయలేదు. ఆ కాగితంలోని ప్రతి పద్దు న్యాయమైనదే. అయితే మొదటి రోజు ఎవరూ చెప్పలేదు, వారు అడగలేదు. నన్ను ముందే అడిగి ఉంటే అరగంటలో లెక్క వేసి ఇచ్చేవాణ్ణి. ఆ బాధతోనే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

ఇప్పుడు పద్దులు ఒక్కొక్కటిగా చూద్దాం. ఉదాహరణకు అదే అరవై లక్షల ఫ్లాటు తీసుకొందాం. 1200 చదరపు అడుగులు, అడుగు 5000 రూపాయలు.

మొదటిది సర్కారు వాటా. తెలంగాణలో విక్రయ దస్తావేజుకు స్టాంపు సుంకం 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 0.5 శాతం. మొత్తం 7.5 శాతం. 2021 జూలై 22కు ముందు ఇది 6 శాతం ఉండేది. పాత లెక్క మనసులో పెట్టుకొని వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. అరవై లక్షలకు 7.5 శాతమంటే 4,50,000 రూపాయలు. మీరు దస్తావేజులో వ్రాసుకొన్న ధర, సర్కారు నిర్ణయించిన మార్కెట్ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీదనే సుంకం పడుతుంది. ఆ సర్కారు విలువను 2021 జూలైలో ఒకసారి, 2022 ఫిబ్రవరిలో మరొకసారి పెంచారు. రేట్లు మారుతూ ఉంటాయి గనుక దస్తావేజు వ్రాయించే వారంలో మరొకసారి విచారించుకోండి. మ్యుటేషన్ రుసుము, యూజర్ ఛార్జీలు వంటి చిన్న పద్దులు వీటికి అదనం.

రెండవది జి.ఎస్.టి. ఇది అందరికీ ఉండదు. ఫ్లాటు ఇంకా కట్టుబడిలో ఉండగా కొంటే 5 శాతం కట్టాలి. 2019 ఏప్రిల్ 1 నుంచి ఇదే పద్ధతి. ధర 45 లక్షలకు మించకుండా, హైదరాబాద్ వంటి మహానగర ప్రాంతంలో కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్లకు మించకుండా ఉంటే 1 శాతమే. భవనం పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన తరువాత కొంటే జి.ఎస్.టి. అసలు లేదు. మన ఉదాహరణలో కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు 3,00,000 రూపాయలు. "పూర్తయింది సార్, రంగులే మిగిలినయి" అని నోటిమాటగా అంటే సరిపోదు. ఆ సర్టిఫికెట్ చూపించమనండి. దాని విలువ ఇక్కడ మూడు లక్షలు.

మూడవది బిల్డరు కాగితంలోని పద్దులు. కార్పస్ ఫండ్ అని ఒకటి ఉంటుంది. అది భవనానికి పెద్ద మరమ్మతులు వచ్చిన నాటికి దాచిపెట్టే నిధి. రేపు అది ఫ్లాటు యజమానుల సంఘానికి చేరాలి. అడుగుకు 50 రూపాయలనుకొంటే 60,000. రెండేళ్ల నిర్వహణ ఖర్చు ముందే తీసుకొంటారు. అడుగుకు నెలకు 3 రూపాయల చొప్పున 24 నెలలకు 86,400. కరెంటు మీటరు, నీటి కనెక్షన్లకు ఒక లక్ష అనుకొందాం. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలే. మీ బిల్డరు కాగితంలో ఉన్నవే మీకు లెక్క. కారు పార్కింగు, క్లబ్ హౌసు, తూర్పు ముఖం, పై అంతస్తు అని అదనపు ధరలు కూడా ఉంటాయి. అవి అరవై లక్షలలో కలిసి ఉన్నాయా, విడిగా ఉన్నాయా అని అడగండి. నేను కలిసి ఉన్నాయనే అనుకొంటున్నాను.

నాలుగవది బ్యాంకు పద్దులు, వకీలు ఫీజు. ప్రాసెసింగ్ ఫీజు, విలువ కట్టే ఇంజనీరు ఫీజు, బ్యాంకు వకీలు అభిప్రాయం, దస్తావేజులు తాకట్టు పెట్టినందుకు సుంకం, అన్నీ కలిపి 50,000 అనుకొందాం. మన తరఫు వకీలుకు, దస్తావేజు వ్రాతకు 25,000. వకీలు ఫీజు మిగుల్చుకొందామని చూడకండి. బ్యాంకు వకీలు బ్యాంకు కోసం చూస్తాడు, మీ వకీలు మీ కోసం చూస్తాడు.

ఇప్పుడు కూడండి. సర్కారు సుంకాలు 4,50,000, జి.ఎస్.టి. 3,00,000, కార్పస్ 60,000, నిర్వహణ 86,400, కరెంటు, నీరు 1,00,000, బ్యాంకు పద్దులు 50,000, వకీలుకు, వ్రాతకు 25,000. మొత్తం 10,71,400 రూపాయలు. అరవై లక్షల ఫ్లాటు మనకు పడేది 70,71,400కు. ఫ్యాన్లు, పరదాలు, వంటగది చెక్కపని ఇందులో లేవు.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. దయచేసి యువకులు జాగ్రత్తగా వినాలి. ఈ పై ఖర్చులకు బ్యాంకు అప్పు ఇస్తుందా? సుంకాలకు ఇవ్వదు. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఇంటి అప్పు 30 లక్షల లోపైతే ఆస్తి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల దాకా అయితే 80 శాతం, 75 లక్షలు దాటితే 75 శాతం దాకా ఇవ్వవచ్చు. ఆ విలువ కట్టేటప్పుడు స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్, ఇతర దస్తావేజు ఖర్చులు కలపరాదు. పది లక్షల లోపు ఇళ్లకు మాత్రం మినహాయింపు ఉన్నది. పది లక్షలకు ఫ్లాటు ఎక్కడ దొరుకుతుందో మీకే తెలుసు! జి.ఎస్.టి. సంగతి మాత్రం మీ బ్యాంకునే ముందుగా అడిగి తెలుసుకోవాలి. కనుక అరవై లక్షల ఫ్లాటుకు మన చేతి సొమ్ము పన్నెండు లక్షలు కాదు. పన్నెండుకు ఈ పదిన్నర పైచిలుకు కలిపి 22,71,400 రూపాయలు. ఆ కుటుంబం తప్పిపోయింది సరిగ్గా ఈ లెక్కలోనే.

బ్యాంకు వద్దనుకొని కిస్తులలో కొనేవారు మనలో చాలామంది ఉన్నారు. మన దేశంలో వడ్డీ లేని బ్యాంకు లేదు. అటువంటి పద్ధతి ప్రవేశపెట్టాలన్న ప్రతిపాదనను కొనసాగించరాదని రిజర్వు బ్యాంకు నిర్ణయించినట్లు 2017లో వెల్లడైంది. ఇంటి కోసం బ్యాంకు అప్పు తీసుకోవచ్చునా లేదా అన్నది ఆలిములను అడిగి తెలుసుకోవలసిన విషయం. అది నా పని కాదు. అయితే బ్యాంకుకు పోయినా పోకపోయినా సర్కారు సుంకాలు, బిల్డరు పద్దులు తప్పవు. సూద్ నుంచి తప్పించుకోవాలన్నవాడు అందరికంటే ముందు ఈ లెక్క వేసుకోవాలి. చివరి వారంలో డబ్బు తక్కువైన మనిషికి ఫైనాన్సు దుకాణం తప్ప వేరే తలుపు కనబడదు.

టి.డి.ఎస్. అనే మాట విని కంగారుపడేవారున్నారు. ధర గాని సర్కారు విలువ గాని 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాడు 1 శాతం పట్టుకొని ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. ఇది అదనపు ఖర్చు కాదు. అమ్మేవాడికి ఇచ్చే సొమ్ములో నుంచే పట్టుకోవాలి. అరవై లక్షలకు అరవై వేలు పట్టుకొని మిగతాది ఇస్తారు. మరచిపోతే మాత్రం వడ్డీ, ఆలస్య రుసుము మీ నెత్తిన పడతాయి. అమ్మేవాడు దుబాయిలోనో జిద్దాలోనో స్థిరపడ్డ ప్రవాసి అయితే ఈ 1 శాతం లెక్క పనికిరాదు. యాభై లక్షల లోపైనా పట్టవలసిందే, పట్టవలసిన పన్ను కూడా చాలా ఎక్కువ. మన మధ్య ఇటువంటి అమ్మకాలు తరచుగా జరుగుతుంటాయి. ఆడిటరును అడగకుండా డబ్బు ఇవ్వకండి. కొనేవాడు గల్ఫ్‌లో ఉంటే ఇక్కడి వారికి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. దానిని అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువపరచి, ఇక్కడికి చేరిన మూడు నెలలలోగా స్టాంపు వేయించాలి. ఆ గడువు దాటి ఆగిపోయిన రిజిస్ట్రేషన్లను నేను చూశాను.

పాత ఫ్లాటు కొనేవారికి ఒక మాట. జి.ఎస్.టి. ఉండదు నిజమే. కాని పాత యజమాని బకాయిలు మీ మెడకు చుట్టుకొంటాయి. ఇంటిపన్ను, కరెంటు, నీరు, అపార్టుమెంటు సంఘం నిర్వహణ బకాయిలు ఏవీ లేవని రసీదులు చూచుకొని, సంఘం చేత ఒక కాగితం వ్రాయించుకొన్న తరువాతనే చివరి సొమ్ము ఇవ్వండి.

ఇంత ఖర్చు పెట్టి కొన్నది మనదేనా అన్నది చూచుకోవద్దా? ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయించండి. 1983 నుంచి వివరాలు కంప్యూటరులో దొరుకుతాయి. అంతకు ముందువి రిజిస్టర్లలో వెదికించాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద నిషేధిత ఆస్తుల జాబితా ఉన్నది. సర్కారు భూమి, అసైన్డ్ భూమి, దేవాదాయ, వక్ఫు భూములు అందులో ఉంటాయి. సర్వే నంబరు పట్టుకొని ఆ జాబితాలో చూడండి. మన పక్కనే పహాడీ షరీఫ్‌లో హజ్రత్ బాబా షర్ఫుద్దీన్ దర్గా ఉన్నది. ఈ చుట్టుపట్ల వక్ఫు భూముల తగాదాలు కోర్టులకెక్కిన సంగతి మీకు తెలియంది కాదు. అల్లాహ్ పేర వదిలిన జాగ మీద ఫ్లాటు చౌకగా వస్తున్నదని కొంటే దునియాలో డబ్బు పోతుంది, ఆఖిరత్‌లో జవాబు చెప్పుకోవలసి వస్తుంది. హెచ్.ఎం.డి.ఏ. లేదా మునిసిపాలిటీ అనుమతి నక్షా, విమానాశ్రయం దగ్గర గనుక ఎత్తుకు సంబంధించిన అనుమతి కూడా అడిగి చూడండి.

2016 నాటి రెరా చట్టం మనకు మంచి ఆసరా. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, ఎనిమిది ఫ్లాట్లకు మించి గాని కట్టే ప్రాజెక్టు రెరాలో నమోదు కావాలి. నమోదు కాకముందే ప్రీలాంచ్ అని చెప్పి అమ్మడం చట్టవిరుద్ధం. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోరాదు. అరవై లక్షలకు ఆరు లక్షలన్నమాట. కార్పెట్ ఏరియా, అంటే గోడల మధ్య మనం నిజంగా వాడుకొనే చోటు, ఎంతో స్పష్టంగా చెప్పాలి. 1200 అడుగులు అన్నది చాలాసార్లు మెట్లు, వరండాలు కలిపిన అంకె. భవనానికి కట్టుబడి లోపం బయటపడితే స్వాధీనం చేసిన అయిదేళ్ల దాకా బిల్డరే బాగుచేయాలి.

ఇప్పుడు కొంచెం చేదు మాట చెప్పాలి. "దస్తావేజులో తక్కువ వ్రాద్దాం, మిగతాది చేతికి ఇవ్వండి, సుంకం కలిసి వస్తుంది" అనేవారు ఎదురవుతారు. నా ముందు కూర్చొని ఈ మాట అన్నవారు ఎందరో. సర్కారు విలువకు తగ్గి సుంకం ఎట్లాగూ తగ్గదు. బ్యాంకు అప్పు వ్రాసిన ధరను బట్టే వస్తుంది. స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా పుచ్చుకోవడాన్ని 2015 నుంచి ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తున్నది. రేపు బేరం చెడి సొమ్ము తిరిగి రావలసి వస్తే కాగితం మీద ఉన్నదే మీది. మిగిలింది గాలికి పోయినట్లే. అన్నింటికంటే ముఖ్యం, అబద్ధపు అంకె కింద సంతకం పెట్టి ఆ ఇంట్లో మొదటి నమాజు చదవడం ఎట్లా ఉంటుందో మీరే ఆలోచించండి.

ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ ఏదో పిల్లలను అడిగాను. కొందరు చెప్పారు. అల్ బఖరా సూరాలో 282వ ఆయత్. దాని విషయం గడువు పెట్టుకొని చేసే బాకీలను వ్రాసుకోవడం, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయడం, సాక్షులను పెట్టుకోవడం. మనమేమో సమీప బంధువు చూపించిన ఫ్లాటు అని, మన జమాత్ మనిషి అని మొహమాటపడి కాగితం అడగం. అడిగితే నమ్మకం లేదనుకొంటారేమో అని భయపడతాం. వ్రాసుకోవడం అనుమానం కాదు. ఇద్దరి మధ్య మాట చెడకుండా కాపాడేది అదే.

కాబట్టి నా మనవి ఒక్కటే. బయానా ఇవ్వకముందే, ఇంకా అయిదు వేలు కూడా చేతులు మారకముందే, ఒక తెల్లకాగితం మీద రెండు వరుసలు గీయండి. మొదటి వరుసలో బిల్డరు లేక అమ్మేవారు తీసుకొనే ప్రతి పైసా. రెండవ వరుసలో సర్కారుకు, బ్యాంకుకు, వకీలుకు పోయే ప్రతి పైసా. ప్రతి పద్దు ఎదుట ఎప్పుడు కట్టాలో తేదీ వేయండి. బిల్డరు ఆఫీసు వారి చేత మొదటి వరుస కింద సంతకం పెట్టించండి. ఇంతకు మించి అడగబోమని వ్రాయించండి. వ్రాయనన్నవాడి దగ్గర కొనవద్దు. తరువాత ఆ కాగితం ఇంట్లో అందరి ముందు చదవండి. ముఖ్యంగా ఆడవారి ముందు చదవండి. చివరికి నగలు పోయేది వారివే గదా! పన్నెండు లక్షలున్న కుటుంబానికి అరవై లక్షల ఫ్లాటు అందదని తేలితే నలభై లక్షలది చూచుకోండి, లేదా రెండేళ్లు ఆగండి. రెండేళ్లు కిరాయి ఇంట్లో ఉండడం నామోషీ కాదు.

కార్యవర్గానికి ఒక సూచన. నెలకొక ఆదివారం అసర్ నమాజు తరువాత ఒక గంట సంఘం కార్యాలయంలో కూర్చొంటాను. మన సభ్యులలో ఉన్న వకీలుగారు, ఆడిటరుగారు కూడా వస్తే మరీ మంచిది. ఎవరైనా తమ కాగితాలు తెచ్చి చూపించుకోవచ్చు. రుసుము లేదు. ఆ రోజు ఆ తమ్ముడికి చెప్పలేకపోయిన మాట మరొకరికి సకాలంలో చెప్పగలిగితే నాకు అంతే చాలు.

ఆ కుటుంబం ఇప్పుడు ఆ ఫ్లాటులోనే ఉన్నది. నాలుగు లక్షల బాకీ తీర్చడానికి రెండేళ్లు పట్టింది. నగ ఇంకా తిరిగి రాలేదు. ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి వారే అనుమతి ఇచ్చారు. "మా పేరు తప్ప అంతా చెప్పండి చాచా, ఇంకొకరికి పనికివస్తుంది" అన్నారు.

అల్లాహ్ మన ఇళ్లలో బర్కత్ ఇచ్చుగాక.